రొమేనియన్ మాట్లాడాలంటే ఇంగ్లిష్‌ను కాసేపు పక్కన పెట్టండి

రొమేనియాలో నా మొదటి చలికాలం. హాస్టల్ గేటు దగ్గర కూర్చునే పెద్దావిడతో నాలుగు ముక్కలు మాట్లాడదామని 'సుంత్ రెచె' అన్నాను. 'ఐ యామ్ కోల్డ్' అనే వాక్యంలో ఒక్కో మాటకూ రొమేనియన్ మాట వెతికి, గంట ముందే తయారుచేసి పెట్టుకున్న వాక్యం అది. ఆవిడ నన్ను ఎగాదిగా చూసి పకపకా నవ్వింది. నేనన్న మాటకు 'నాలో తడి లేదు, నేను రాతిగుండె మనిషిని' అని అర్థం వస్తుందట. తర్వాత ఆవిడే నిదానంగా సరిదిద్దింది: 'మ్యె ఫ్రిగ్'. ఆ వాక్యాన్ని విడదీస్తే 'నాకు చలి' అని వస్తుంది. అచ్చం మన మాటే. తెలుగులో సిద్ధంగా ఉన్నదాన్ని ఇంగ్లిష్ మీదుగా చుట్టు తిప్పి పాడుచేసుకున్నాను.

అప్పటినుంచి నేను పట్టుకున్న దారి ఒక్కటే. ఇంగ్లిష్ వాక్యం ఎదురుకాగానే, ఇదే మాట ఇంట్లో అమ్మతో ఎలా అంటానో ముందు అనుకుంటాను. ఆ తర్వాతే రొమేనియన్‌లో పెడతాను. అన్నిసార్లూ కుదరదు. ఎక్కడ కుదురుతుందో, ఎక్కడ బోల్తా కొట్టిస్తుందో రెండూ చెబుతాను.

ఇది ఎవరికి పనికొస్తుందంటే, క్లుజ్, యాషి, తిమిష్వారా లాంటి ఊళ్లలో ఇంగ్లిష్ మీడియంలో మెడిసిన్ చదివేవాళ్లకు. పాఠం ఇంగ్లిష్‌లో చెప్పినా వార్డులో పేషెంటు మాట్లాడేది రొమేనియనే కదా. గోదాముల్లో, బిల్డింగ్ పనుల్లో, హోటల్ కిచెన్లలో చేరేవాళ్లకైతే మొదటి రోజు నుంచే అవసరం. పక్కనున్న మోల్దోవాకు వెళ్లేవాళ్లకూ ఇదే భాష. 2023లో అక్కడి చట్టాల్లో 'మోల్దోవన్' అనే పేరు తీసేసి రొమేనియన్ అనే రాశారు.

మొదటి అడుగు: నోరు సరిచేసుకోండి

రొమేనియన్‌లో 31 అక్షరాలు. వాటిలో ఐదు మాత్రమే ఇంగ్లిష్‌లో లేనివి. రాసింది రాసినట్టే పలుకుతారు కాబట్టి ఇంగ్లిష్ స్పెల్లింగుతో పడిన బాధ ఇక్కడ ఉండదు.

ట, డ లు వదిలేయండి. ఇంగ్లిష్ చదివే అలవాటుతో మనం 'స్టూడెంట్' అంటాం. రొమేనియన్‌లో అది 'స్తుదెంత్'. అన్నీ త, ద లే, పళ్లకు తగిలేవే.

ఇంగ్లిష్ 'ఏ' (a) అక్షరం మామూలుగా ఉంటే దీర్ఘంగా 'ఆ'. దాని మీద చిన్న గిన్నెలాంటి గుర్తు ఉంటే పొట్టిగా 'అ'. ఈ తేడాతో అర్థం మారిపోతుంది. 'కాస' అంటే ఏదో ఒక ఇల్లు, 'కాసా' అంటే ఫలానా ఆ ఇల్లు. కింద నేను ఇచ్చే మాటల్లో దీర్ఘాలు అందుకే జాగ్రత్తగా చూడండి.

టీ కింద కామా ఉంటే 'త్స'. దీనికి మనవాళ్లు భయపడక్కర్లేదు. చలి, చాప, చుక్క అనేటప్పుడు మొదట వచ్చే శబ్దమే అది. పాత తెలుగు పుస్తకాల్లో చ మీద 2 అంకె వేసి చూపించేవారు, గుర్తుందా? అదే. ఎస్ కింద కామా ఉంటే 'ష'.

'ఏ' (a) మీద గానీ 'ఐ' (i) మీద గానీ టోపీ ఉంటే రెండిటికీ ఒకే శబ్దం. అది మనకు లేదు. 'ఇ' అంటూ నాలుకను వెనక్కి లాగితే వస్తుంది, ఇ కీ ఉ కీ మధ్య ఎక్కడో. నేను ఇక్కడ 'ఇ' అనే రాస్తున్నాను. 'పియ్నె' అంటే బ్రెడ్డు, 'మిన' అంటే చెయ్యి. ఈ రెండింటిలోనూ ఆ శబ్దమే. నెల రోజులు విన్నాక చెవికి పట్టుబడుతుంది, అప్పటిదాకా ఎవరూ ఏమీ అనుకోరు.

మాట చివర వచ్చే పొట్టి 'ఇ' ని గుసగుసగా వదిలేయండి. 'ఆని' అంటే ఏళ్లు. పలికేటప్పుడు 'ఆన్' అని, చివర గాలి మాత్రమే. 'జివా', 'జెచె' లాంటి మాటల్లో జ ను జీరోలో జ లా పలకండి. 'ఉంది' అనే అర్థంలో వచ్చే మాటను రాయడం 'ఎ', పలకడం 'యె'. ఎందుకు అని రాసి యెందుకు అని పలికే మనకు ఇది కొత్త కాదు.

చాటింగ్‌లో రొమేనియన్లు ఈ గిన్నెలూ కామాలూ పెట్టరు. కంగారుపడకండి, కానీ మీరు నేర్చుకునేటప్పుడు మాత్రం పెట్టి రాయండి. కామా ఉంటే 'పెష్తె', చేప. లేకపోతే 'పెస్తె', మీద.

రెండో అడుగు: మూడు గళ్ల నోటుబుక్కు

పేజీని నిలువుగా మూడు గళ్లు చేయండి. మొదటి గడిలో ఇంగ్లిష్ వాక్యం. మధ్య గడిలో తెలుగు. పుస్తకాల తెలుగు కాదు, ఇంట్లో మాట్లాడే తెలుగు. మూడో గడిలో రొమేనియన్. మధ్య గడి నింపకుండా మూడో గడి ముట్టుకోవద్దు. మొదట్లో విసుగ్గా ఉంటుంది. కానీ ఇంగ్లిష్‌లో 'ఐ యామ్' అని మొదలైన వాక్యం మధ్య గడిలో 'నాకు' అని మారడం కళ్ల ముందు కనిపిస్తుంది.

మూడో అడుగు: 'నాకు' తో మొదలయ్యే వాక్యాలు

అసలు సరుకంతా ఇక్కడే ఉంది. ఒంటికీ మనసుకూ కలిగేవాటిని రొమేనియన్ కూడా మనలాగే 'నాకు' అనే అంటుంది.

నాకు ఆకలేస్తోంది: మ్యె ఫ్వామె.
నాకు దాహం: మ్యె సెతె.
నాకు చలి: మ్యె ఫ్రిగ్.
నాకు ఉక్కగా ఉంది: మ్యె కాల్ద్.
నాకు నిద్రొస్తోంది: మ్యె సొమ్న్.
నాకు భయం: మ్యె ఫ్రిక.
నాకు సిగ్గుగా ఉంది: మ్యె రుషినె.

'మ్యె' అంటే 'నాకు ఉంది'. దాని పక్కన ఆకలి, దాహం, చలి పెట్టడమే. 'నీకు' కావాలంటే 'త్స్యె': త్స్యె ఫ్వామె? నీకు ఆకలిగా ఉందా? 'మీకు' అయితే 'వ యె ఫ్వామె?'. ప్రశ్నకు మాటల వరస మార్చక్కర్లేదు, మనం 'ఆ' తగిలించినట్టు వాళ్లు గొంతు పైకి లేపుతారు.

ఈ వరసలో ఒక వాక్యం దగ్గర కాసేపు ఆగాలి. 'ఐ మిస్ మై మదర్' అనే ఇంగ్లిష్ వాక్యాన్ని తెలుగులో పెట్టమంటే చాలామంది 'మా అమ్మను మిస్ అవుతున్నాను' అంటారు. మనకు మాట లేకనా? బెంగ అనే మాట ఉంది. రొమేనియన్‌లో దానికి 'దొర్' అంటారు. మ్యె దొర్ దె మామా: నాకు అమ్మ మీద బెంగగా ఉంది. (అవును, అక్కడ మామా అంటే అమ్మ. మొదట్లో నవ్వొస్తుంది.) దొర్ అనే మాటకు సమానమైనది ఇతర భాషల్లో లేదని రొమేనియన్లు గర్వంగా చెప్పుకుంటారు. మన బెంగ గురించి వాళ్లకు తెలియదు, పాపం.

తర్వాతి వరస ఇష్టాలది. ఇక్కడ 'నాకు' అనేది 'ఇమి' అవుతుంది.

నాకు కాఫీ ఇష్టం: ఇమి ప్లాచె కాఫ్యావా.
నాకు సినిమాలు ఇష్టం: ఇమి ప్లాక్ ఫిల్మెలె.
నాకు నచ్చదు: నుమి ప్లాచె.
నాకు నచ్చింది: మ్యా ప్లకుత్.
నీకు నచ్చిందా?: త్స్యా ప్లకుత్?

ఒక్కటైతే ప్లాచె, ఎక్కువైతే ప్లాక్. ఇంగ్లిష్‌లో ఇష్టపడే మనిషే కర్త. తెలుగులో, రొమేనియన్‌లో నచ్చిన వస్తువే కర్త. అందుకే క్రియ కాఫీని బట్టి, సినిమాలను బట్టి మారుతుంది. ఇంగ్లిష్ నుంచి వచ్చేవాళ్లు ఇక్కడ తడబడతారు, మనం తడబడాల్సిన పని లేదు.

ఇదే అచ్చులో ఇంకొన్ని. నాకు ఒక పెన్ను కావాలి: ఇమి త్రెబుయె ఉన్ పిక్స్. నాకు ఖరీదు అనిపిస్తోంది: మి సె పారె స్కుంప్. సారీ అనడానికి 'ఇమి పారె రవ్', అంటే 'నాకు చెడ్డగా తోస్తోంది'. ఎవరినైనా పరిచయం చేసినప్పుడు 'ఇమి పారె బినె', నాకు సంతోషం.

ఇక బోల్తా కొట్టించే చోటు. తెలుగులో 'నాకు' అన్నచోటల్లా రొమేనియన్‌లో మ్యె, ఇమి రావు. మన దగ్గర ఉన్నవాటికి, వయసుకు, జ్వరానికి వాళ్లు 'ఆమ్' అంటారు, అంటే 'కలిగి ఉన్నాను'.

నాకు ఇద్దరు అన్నదమ్ములు: ఆమ్ దొయ్ ఫ్రాత్సి.
నాకు 23 ఏళ్లు: ఆమ్ దొవజెచి షి త్రెయ్ దె ఆని.
నాకు జ్వరంగా ఉంది: ఆమ్ ఫెబ్ర.

తెలియడం, అర్థం కావడం అయితే నేరుగా క్రియే. నాకు తెలుసు: ష్తివ్. నాకు తెలియదు: ను ష్తివ్. నాకు అర్థం కావడం లేదు: ను ఇంత్సెలెగ్. నోటుబుక్కు మధ్య గడిలో 'నాకు' అని రాసిన ప్రతిసారీ పక్కన చిన్నగా గుర్తు పెట్టుకోండి: ఒంట్లో కలిగేదా, నచ్చేదా, దగ్గర ఉన్నదా, తెలిసేదా. నాలుగు వారాలకు ఆ గుర్తు అవసరం పోతుంది.

నాలుగో అడుగు: నొప్పులు

మెడిసిన్ పిల్లలు దీన్ని మొదటే నేర్చుకోవాలి. తలనొప్పిగా ఉందనడానికి 'మ ద్వారె కాపుల్'. మాటకు మాట పెడితే 'నన్ను తల నొప్పిస్తోంది'. ఇక్కడ మాత్రం 'నాకు' కాదు, 'నన్ను'. కడుపునొప్పి: మ ద్వారె బుర్తా. కాళ్లు రెండూ నొప్పి: మ దొర్ పిచ్వారెలె. ఎక్కువ అవయవాలైతే ద్వారె కాస్తా దొర్ అవుతుంది. ఇందాకటి బెంగ కూడా దొర్ అనే పలుకుతుందని గమనించారా?

పేషెంటును అడగాలంటే: ఉందె వ ద్వారె? మీకు ఎక్కడ నొప్పి? ఈ ఒక్క ప్రశ్న అడిగి, ఆయన చూపించిన చోటుకు పేరు చెప్పించుకుంటే వారంలో శరీర భాగాలన్నీ వచ్చేస్తాయి. ఎమర్జెన్సీ నంబరు 112. అంబులెన్స్ పిలవండి అనడానికి 'కెమాత్సి ఒ ఆంబులాంత్స'.

ఐదో అడుగు: నువ్వా, మీరా

ఇంగ్లిష్ 'యూ' దగ్గర అనువాదం యాప్‌లు ఏదో ఒకటి ఊహించుకోక తప్పదు. మీరు ఊహించక్కర్లేదు. నువ్వు అంటే 'తు', మీరు అంటే 'దుమ్న్యావ్వాస్త్ర'. పొడుగ్గా ఉంది గానీ ఎక్కువసార్లు దాన్ని పలకనే అక్కర్లేదు. తెలుగులో 'ఎలా ఉన్నారు' అంటే మీరు అని వేరే చెప్పనక్కర్లేదు కదా, క్రియ చివరే గౌరవం ఉంటుంది. అక్కడా అంతే.

ఎలా ఉన్నావ్?: చె మాయ్ ఫాచి?
ఎలా ఉన్నారు?: చె మాయ్ ఫాచెత్సి?

దీన్ని విడదీస్తే 'ఇంకా ఏం చేస్తున్నారు' అని. చేస్తున్న పనులన్నీ ఏకరువు పెట్టకండి. 'బినె, ముల్త్సుమెస్క్' చాలు, బాగున్నానండి, థాంక్స్.

పేరు అడగడానికి నువ్వు స్థాయిలో 'కుమ్ తె క్యామ?', నిన్ను ఏమని పిలుస్తారు. మీరు స్థాయిలో 'కుమ్ వ నుమిత్సి?'. జవాబు 'మ నుమెస్క్' అని చెప్పి పేరు.

మనకు వాడు, అతను, ఆయన ఉన్నట్టే వాళ్లకూ మెట్లున్నాయి. మామూలుగా 'యెల్', కాస్త మర్యాదగా 'దిన్సుల్', ఆడవాళ్లకు 'దిన్సా'. ప్రొఫెసర్ గురించి మాట్లాడుతూ దిన్సుల్ అంటే వినేవాళ్లకు ముచ్చటేస్తుంది. ఎవరికి ఏది వాడాలో తేలకపోతే ఊళ్లో ఏం చేస్తారో అదే చేయండి: కొత్తవాళ్లు, పెద్దవాళ్లు, ఆఫీసుల్లో కూర్చున్నవాళ్లు అందరూ మీరే. తోటి విద్యార్థి మాత్రం మొదటి రోజే తు.

పెద్దావిడ ఎదురైతే 'సరుత్ మినా' అంటారు. చెయ్యి ముద్దాడుతున్నాను అని దాని అర్థం, నిజంగా ముద్దాడక్కర్లేదు. మనం దూరం నుంచే దండాలండీ అన్నట్టు. గేటు దగ్గరి పెద్దావిడకు నేను రోజూ అదే చెప్పేవాణ్ని. ఆడపిల్లలు పెద్దయ్యాక దీన్ని తక్కువ వాడతారు, వాళ్లకు 'బున జివా' సరిపోతుంది. అది పగటి పలకరింపు. పొద్దున 'బున దిమిన్యాత్సా', సాయంత్రం 'బున స్యారా'.

ఆరో అడుగు: క్రియ దగ్గర తేడాలు

తెలుగులో 'నేను స్టూడెంట్‌ని' అంటే వాక్యం అయిపోయింది. రొమేనియన్‌లో 'ఉన్నాను' తప్పనిసరి: సుంత్ స్తుదెంత్. అమ్మాయి అయితే సుంత్ స్తుదెంత. ఇంగ్లిష్ అలవాటుతో మధ్యలో 'ఒక' అనే అర్థమొచ్చే 'ఉన్' పెట్టకండి. వృత్తి చెప్పేటప్పుడు అది రాదు. సుంత్ ఇంజినెర్, అంతే.

పైదాంట్లో ఇంకో సంగతి ఉంది. 'నేను అలసిపోయాను' అని తెలుగులో ఎవరన్నా ఒకటే. అక్కడ మగవాడు 'సుంత్ ఒబొసిత్', ఆడమనిషి 'సుంత్ ఒబొసిత'. జాబితాలు బట్టీ పట్టే అమ్మాయిలు మగవాడి రూపాన్ని అలాగే అప్పజెప్పేయడం నేను చాలాసార్లు విన్నాను. నోటుబుక్కులో మీ రూపమే రాసుకోండి.

'వెళ్లాలి' అనే మాట నేనన్నా, నువ్వన్నా, వాళ్లన్నా మారదు. రొమేనియన్ 'త్రెబుయె' కూడా అలాంటిదే. కాకపోతే పక్కన వచ్చే క్రియ మనిషిని బట్టి మారుతుంది.

నేను వెళ్లాలి: త్రెబుయె స ప్లెక్.
నువ్వు వెళ్లాలి: త్రెబుయె స ప్లెచి.
మనం వెళ్లాలి: త్రెబుయె స ప్లెకమ్.

మధ్యలో ఆ 'స' ను మరచిపోకండి. ఇంటికి వెళ్లాలనుంది: వ్ర్యావ్ స మెర్గ్ ఆకాస. లోపలికి రావచ్చా?: పొత్ స ఇంత్రు? ఇంగ్లిష్‌లో 'టు' వచ్చినచోట ఇక్కడ స వస్తుందని లెక్కేసుకుంటే చాలావరకు బయటపడతారు.

'ఐ హావ్ బీన్ లివింగ్ హియర్ ఫర్ టూ ఇయర్స్' అనే వాక్యం చూసి ఏ కాలమో తెలియక తల పట్టుకుంటారు. రెండేళ్లుగా ఇక్కడే ఉంటున్నాను అనుకోండి. మామూలు వర్తమానమే: లొకుయెస్క్ ఆయిచి దె దొయ్ ఆని. వాన పడుతోంది అనడానికి 'ఇట్' లాంటి ఉత్తుత్తి కర్త అక్కర్లేదు. 'ప్లొవ', ఒకే మాట.

'ఏమీ తెలియదు', 'ఎవరూ రాలేదు' అనే మన వరస కూడా చెల్లుతుంది. ను ష్తివ్ నిమిక్. నా వెనిత్ నిమెని. రెండు కాదు-మాటలు ఒకే వాక్యంలో వద్దని ఇంగ్లిష్ టీచరు చెప్పింది ఇక్కడ వర్తించదు. 'ను' తీసేస్తే వాక్యమే తప్పు.

ఏడో అడుగు: మాట తోక, మనిషికి 'ని'

ఇంగ్లిష్‌లో ముందు నిలబడే 'ది' రొమేనియన్‌లో మాట చివర అతుక్కుంటుంది. విభక్తులు చివర తగిలించే మనకు ఇది వింత కాదు. త్రెన్ అంటే ఏదో రైలు, త్రెనుల్ అంటే ఆ రైలు. కార్తె పుస్తకం, కార్త్యా ఆ పుస్తకం.

రాజధాని బుకురెష్తి (బుకారెస్ట్) లో మెట్రో ఎక్కితే దీనికి ఉచితంగా పాఠం దొరుకుతుంది. ప్రతి స్టేషన్‌లోనూ 'ఆతెంత్సియె, సె ఇంకిద్ ఉషిలె' అని వినిపిస్తుంది, జాగ్రత్త, తలుపులు మూసుకుంటున్నాయి. ఉషి తలుపులు, చివరి 'లె' ఆ తోక. తర్వాత 'ఉర్మ్యాజ స్తాత్సియా' అని వచ్చే స్టేషన్ పేరు, 'కు పెరొనుల్ పె పార్త్యా ద్ర్యాప్త' అని ప్లాట్‌ఫామ్ కుడివైపు ఉందనీ చెబుతారు. ఎడమైతే 'స్తింగ'. స్తాత్సియా, పెరొనుల్, పార్త్యా మూడింటికీ తోకలున్నాయి.

కానీ లా, ఇన్ లాంటి మాటలు ముందు వస్తే తోక రాలిపోతుంది. స్టేషన్‌కు వెళ్తున్నాను: మెర్గ్ లా గార. ఇంగ్లిష్‌లో 'టు ది స్టేషన్' అంటారు కదా అని 'లా గారా' అనకండి. ఏ స్టేషనో వివరం చేరిస్తే మాత్రం తోక తిరిగొస్తుంది: మెర్గ్ లా గారా దె నొర్ద్. బుకురెష్తిలో పెద్ద స్టేషన్ పేరు అదే, ఉత్తరపు స్టేషన్.

ఇంకో చక్కని పోలిక. మనం 'సినిమా చూశాను' అంటాం, 'రవి చూశాను' అనం. మనిషైతే 'రవిని' అనాలి. రొమేనియన్ కూడా మనిషి ముందు 'పె' పెడుతుంది. ఆమ్ వజుత్ ఉన్ ఫిల్మ్, సినిమా చూశాను. లామ్ వజుత్ పె రవి, రవిని చూశాను. మొదటి మాటకు ముందు చేరిన ల్ అంటే 'అతన్ని'. అతన్ని చూశాను, రవిని, అన్నట్టు.

ఎనిమిదో అడుగు: లెక్కలు, గడియారం

డబ్బు పేరు లెవ్, ఎక్కువైతే లెయ్. ఆ మాటకు సింహం అని కూడా అర్థం. నూరు బాని ఒక లెవ్. ఎంత?: కిత్ కొస్త? 19 దాకా అంకె పక్కన నేరుగా లెయ్, 20 నుంచి మధ్యలో 'దె'. నొవస్ప్రెజెచె లెయ్, దొవజెచి దె లెయ్. నూరు దాటాక మళ్లీ మొదటికొస్తుంది: ఒ సుత దె లెయ్, కానీ ఒ సుత జెచె లెయ్. రెండుకు మగ మాటల దగ్గర దొయ్, ఆడ మాటల దగ్గర దొవ: దొయ్ లెయ్, దొవ కాఫెలె. ఏడు షాప్తె, తొమ్మిది నొవ. సప్త, నవ తెలిసినవాళ్లకు మరచిపోవడం కష్టం.

టైమెంతయింది అని మనం 'ఎంత' తో అడుగుతాం. వాళ్లూ అంతే: కిత్ యె చాసుల్? ఐదున్నర: చించి షి జుమతాతె. పావు తక్కువ ఆరు: షాసె ఫర ఉన్ స్ఫెర్త్, అంటే పావు లేని ఆరు.

తొమ్మిదో అడుగు: చూడటానికి ఇంగ్లిష్‌లా ఉండే మాటలు

ఇవి తెలియక పరువు పోగొట్టుకున్నవాళ్లు చాలామంది. పరీక్ష ముందు నేను 'సుంత్ నెర్వొస్' అన్నాను, టెన్షన్‌గా ఉందని నా ఉద్దేశం. ఎవరి మీద కోపం అని అడిగారు. నెర్వొస్ అంటే చిరాకుగా, కోపంగా ఉన్నానని. టెన్షన్‌కు 'ఆమ్ ఎమొత్సియ్' అనాలి.

'ఎక్సైటెడ్' ను అలాగే దించితే బూతు అర్థం వస్తుంది. ఎప్పుడెప్పుడా అని ఉంది అనడానికి 'ఆబ్యా ఆష్తెప్త్'. పచ్చడిలో ప్రిజర్వేటివ్ ఉందా అని షాపులో అడగాల్సి వస్తే 'కొన్సెర్వాంత్సి' అనండి. ప్రిజర్వేటివ్‌ను పోలిన రొమేనియన్ మాటకు కండోమ్ అని అర్థం. 'లిబ్రరియె' పుస్తకాల షాపు, లైబ్రరీకి 'బిబ్లియొతెక'. 'మాగాజిన్' అంటే దుకాణం. కడుపు నిండిందనడానికి 'మామ్ సతురాత్'. గొంతు మారిస్తే ఇదే మాట 'ఇక చాలు, విసిగిపోయాను' అని కూడా, కాబట్టి భోజనం పెట్టినావిడతో నవ్వుతూ అనండి.

అనుమానం వస్తే డెక్స్ అనే నిఘంటువు చూడండి. 1975లో మొదటిసారి అచ్చయింది, ఇప్పుడు ఇంటర్నెట్‌లో ఉచితంగా దొరుకుతుంది. అర్థాలు రొమేనియన్‌లోనే ఉంటాయి, మొదట కష్టమే.

పదో అడుగు: నుడికారాలు, దీవెనలు

ఇంగ్లిష్‌లో కుక్కలూ పిల్లులూ కురుస్తాయి. మనకు కుండపోత. వాళ్లకు 'ప్లొవ కు గల్యాతా', బకెట్లతో కురుస్తోంది. కుండకూ బకెట్‌కూ ఎంత దూరం? గోరంతను కొండంత చేయడాన్ని వాళ్లు దోమను గుర్రం చేయడం అంటారు: దిన్ త్సింత్సార్ ఆర్మసార్. ఇంగ్లిష్‌లో కేకు ముక్క అనేంత తేలికైన పనికి వాళ్ల మాట 'ఫ్లవారె లా ఉరెకె', చెవిలో పువ్వు. మన భాషలో చెవిలో పువ్వు పెడితే మోసం. జాగ్రత్త.

ఆల్ ద బెస్ట్ అనడానికి కుర్రాళ్లు 'బాఫ్త' అంటారు. రోమా (జిప్సీ) ప్రజలు మాట్లాడే రోమానీ భాష నుంచి రొమేనియన్‌లోకి, దానికి ముందు పర్షియన్ నుంచి వచ్చిన మాట. హైదరాబాద్ పాతబస్తీలో తిట్టుగా వినే 'కమ్‌బఖ్త్' లో బఖ్త్ ఇదే.

దీవెనలకు ఇంగ్లిష్ అసలు వెతక్కండి, దొరకదు. పుట్టినరోజుకూ కొత్త సంవత్సరానికీ 'లా ముల్త్సి ఆని'. తినబోయేవాళ్లకు 'పొఫ్త బున'. ప్రయాణమయ్యేవాళ్లకు 'ద్రుమ్ బున్'. కొత్త దంపతులకు 'కాస దె ప్యాత్ర', రాతి ఇల్లులా గట్టిగా నిలవమని. పసిపిల్ల తుమ్మితే మన పెద్దవాళ్లు చిరంజీవ అంటారే, అక్కడ 'స క్రెష్తి మారె', పెద్దగా ఎదగాలి అంటారు.

చివరి అడుగు: రోడ్డు మీదికి వెళ్లండి

ముందు రెండు కవచాలు. 'వొర్బిత్సి మాయ్ రార్, వ రొగ్', కాస్త నిదానంగా మాట్లాడండి. 'కుమ్ సె స్పునె ఇన్ రొమిన?', దీన్ని రొమేనియన్‌లో ఏమంటారు? రెండోది అంటూ వేలితో చూపిస్తే చాలు.

తర్వాత వీధి చివర బ్రెడ్డు షాపుకు వెళ్లండి. సూపర్‌మార్కెట్ వద్దు, అక్కడ నోరు తెరవకుండానే బయటికి రావచ్చు. నువ్వులు చల్లిన కొవ్రిగ్‌లు, అంటే ఉంగరంలా చుట్టి కాల్చిన రొట్టెలు, అమ్మే చిన్న కిటికీ అయితే ఇంకా మంచిది. వెనకాల క్యూ ఉంటుంది కాబట్టి అమ్మే ఆవిడ మీతో ఇంగ్లిష్‌లో తంటాలు పడదు.

మీరు: బున జివా! ఒ పియ్నె షి దొయ్ కొవ్రిజి, వ రొగ్.
ఆమె: దొరిత్సి పుంగ?
సంచి కావాలా అంటోంది. మీరు: ను, ముల్త్సుమెస్క్.
ఆమె: ఆల్త్‌చెవా?
ఇంకేమైనా? మీరు: ఆతిత్. పొత్ స ప్లతెస్క్ కు కార్దుల్? (కార్డుతో కట్టొచ్చా?)
ఆమె: సిగుర్. (తప్పకుండా.)
మీరు: ముల్త్సుమెస్క్. ఒ జి బున! (మీ రోజు బాగుండాలి!)

ఆ 'ఆతిత్' ఉంది చూశారా, అది మన 'అంతే'.